‘దివార్కశుక్రౌ’ శ్లోకంలో ‘తద్విపర్యయాత్’ దేనితో కలుస్తుంది?

ప్రశ్న:
వరాహమిహిరుడి జ్యోతిష గ్రంథం బృహజ్జాతకం, నాలుగో అధ్యాయం (నిషేకాధ్యాయం) లోని శ్లోకం ఇది.

దివార్కశుక్రౌ పితృమాతృసంజ్ఞితౌ
శనైశ్చరేందూ నిశి తద్విపర్యయాత్
పితృవ్యమాతృష్వసృసంజ్ఞితౌ చ తా
వథౌజయుగ్మర్క్షగతౌ తయోః శుభౌ

రవి పితృకారకుడు (జాతకంలో తండ్రిని సూచించే గ్రహం), చంద్రుడు మాతృకారకుడు (తల్లిని సూచించే గ్రహం) అనే అందరూ చెప్తారు. మరి ఇక్కడ శని ఎందుకొచ్చాడు? ‘తద్విపర్యయాత్’, అంటే ‘దానికి తారుమారుగా’ అన్నాడు కాబట్టి రాత్రి పుట్టినవాళ్లకి వరస తిరగబడి శని తల్లి, చంద్రుడు తండ్రి అవుతారా?

జవాబు:
అలా కాదండీ. రెండో పాదం చివర ఆగిపోతే ఆ అర్థమే వస్తుంది. ఆ మాటను మూడో పాదంతో కలిపి చదవాలి. ఇది వంశస్థ వృత్తం. 12 అక్షరాలకి పాదం ముగుస్తుంది కానీ వాక్యం కూడా అక్కడే ముగియాలని లేదు. మూడో పాదం చివరే చూడండి: ‘తౌ + అథ’ కలిసి ‘తావథ’ అయితే, ‘తా’ మూడో పాదంలో, ‘వథ’ నాలుగో పాదంలో పడ్డాయి.

అన్వయం ఇలా చేసుకోవాలి. పగటి పుట్టుకకి రవి తండ్రి, శుక్రుడు తల్లి. రాత్రి పుట్టుకకి శని తండ్రి, చంద్రుడు తల్లి. విపర్యయంలో, అంటే పగటి జంట రాత్రికి, రాత్రి జంట పగటికి వచ్చినప్పుడు, వాళ్లకి పితృవ్యుడు (నాన్న అన్నదమ్ముడు), మాతృష్వస (అమ్మ అక్కచెల్లెలు) అని పేర్లు. రాత్రి 9 గంటలకి పుట్టిన పిల్ల జాతకంలో శని నాన్న, చంద్రుడు అమ్మ. రవి బాబాయో పెదనాన్నో, శుక్రుడు పిన్నో పెద్దమ్మో అవుతారు. చివరి పాదం ఇంకో మెట్టు: తండ్రి వైపు గ్రహం ఓజరాశిలో, అంటే బేసి రాశిలో ఉంటే ఆయనకి మంచిది, తల్లి వైపు గ్రహం సరి రాశిలో ఉంటే ఆవిడకి మంచిది.

నాకు ఈ శ్లోకంలో అన్నిటికన్నా నచ్చేది మూడో పాదం. తండ్రి పదవి దిగిన గ్రహానికి ఏ చుట్టరికం ఇచ్చాడో చూడండి. మేనమామ కాదు, మేనత్త కాదు. నాన్న అన్నదమ్ములు, అమ్మ అక్కచెల్లెళ్లు. మనం పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, చిన్నమ్మ అని ‘నాన్న’, ‘అమ్మ’ చేర్చి పిలుచుకునేది సరిగ్గా వీళ్లనే! సంస్కృతం చదవకపోయినా తెలుగింట్లో పెరిగినవాళ్లకి ఈ వరస చప్పున అందుతుంది. మేనమామకి వేరే కారకుడున్నాడు, బుధుడు.

ఇంకో మాట. ఈ శ్లోకంలో ‘కారక’ అనే మాట లేదు, ‘సంజ్ఞిత’ అని ఉంది. అంటే ఆ పేరు పెట్టబడినవాడు. వ్యాకరణంలో సంజ్ఞా పరిచ్ఛేదం, అంటే పారిభాషిక పేర్లు చెప్పే భాగం, చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. రవి పితృకారకుడన్నది నైసర్గిక (సహజమైన) కారకత్వం, అన్ని జాతకాలకీ ఒకటే. ఇది మాత్రం పుట్టిన వేళని బట్టి మారే పేరు. రెండూ పక్కపక్కనే నిలుస్తాయి, ఒకదాన్ని పెట్టి రెండోది తప్పనక్కర్లేదు.

ప్రశ్న:
చాలా సంతోషం అండీ. భావం, అంటే జాతక చక్రంలో ఇల్లు, దాని మాటేంటి? మా వైపు తండ్రికి తొమ్మిదో ఇల్లు చూస్తారు, ఉత్తరాదివాళ్లు పదో ఇల్లు అంటారు.

జవాబు:
రెండిటికీ లెక్క ఉంది. తల్లిది నాలుగు, దానికి ఏడోది పది, కాబట్టి తల్లి భర్త. తొమ్మిది నుంచి లెక్కపెడితే లగ్నం (జాతకుడి మొదటి ఇల్లు, పుట్టినప్పుడు తూర్పున ఉదయిస్తున్న రాశి) ఐదోది, పుత్రస్థానం (బిడ్డల ఇల్లు), కాబట్టి జాతకుడు తొమ్మిదో ఇంటివాడి బిడ్డ. నా ఓటు తొమ్మిదికే. పదిలో తండ్రి తల్లి ద్వారా వస్తాడు, తొమ్మిదిలో నేరుగా బిడ్డతో ముడిపడతాడు.

ప్రశ్న:
మా తాతగారి పాత జాతక చక్రంలో పుట్టిన టైమ్ చెరిగిపోయింది. పగలో రాత్రో తెలిసేదెలా?

జవాబు:
లగ్నం కనిపిస్తోందా? అక్కణ్ణించి రవి 8 నుంచి 12 లోపు ఇళ్లలో ఉంటే పగలు, 2 నుంచి 6 లోపు ఉంటే రాత్రి. లగ్నంలోనే ఉంటే పుట్టుక సూర్యోదయం అటూఇటూ, ఏడులో ఉంటే సూర్యాస్తమయం అటూఇటూ. అప్పుడు రవి, లగ్నం డిగ్రీలు కూడా కావాలి. చక్రం కింద అంకెలేవైనా మిగిలుంటే ఫొటో పెట్టండి, చూద్దాం.