ఎఫెసీయులకు 2:8లో చేత, ద్వారా, వలన

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు): మాస్టారూ, మొన్న గృహ కూడికలో ఒక అన్న సాక్ష్యం చెబుతూ "నా విశ్వాసం వల్ల రక్షణ పొందాను" అన్నారు. పక్కనున్న పెద్దావిడ వెంటనే "వల్ల కాదు నాయనా, ద్వారా" అన్నారు. రెండింటికీ తేడా ఉందా? బైబిల్ వాక్యం ఇది: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే."

జవాబు (పటమట, విజయవాడ): ఆ పెద్దావిడకు నా నమస్కారాలు చెప్పండమ్మా. తేడా ఉంది, చాలా ఉంది. "రక్షింపబడి" కర్మణి ప్రయోగం. కర్మణిలో "చేత" ఎవరి పక్కన చేరితే పని వారిది. రాముని చేత రావణుడు చంపబడ్డాడు అంటాం కదా! ఇక్కడ ఆ చోటు కృపది. పైగా "చేతనే" అన్నారు, ఇంకెవరికీ అందులో వాటా లేదు. విశ్వాసానికి "ద్వారా" చేర్చారు, కృప మన దాకా వచ్చే దారి అది. "వలన" పంచమి విభక్తి, ఒకటి ఎక్కడ పుట్టిందో చెబుతుంది. ఈ వచనంలో అది కాదనడానికే వచ్చింది: మీవలన కాదు. నమ్మడాన్ని కూడా మన ఖాతాలో పనిగా రాసుకుంటే రక్షణ కూలీ అయిపోతుంది. మిర్చి యార్డులో టిక్కీలు మోసిన హమాలీకి ఇచ్చేది దానం కాదు, బాకీ. రోమా 4:4 చూడండి: "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు." చేతులు చాచి పుచ్చుకోవడమే విశ్వాసం. ఎంత గట్టిగా చాచామన్నది లెక్కలోకి రాదు. ఈ మాట ఎంతమంది గుండె బరువు దించిందో!

మరొకరు (అరండల్‌పేట, గుంటూరు): మాస్టారూ, రోమా 3:28లో మనుష్యులు "విశ్వాసమువలననే" నీతిమంతులుగా తీర్చబడుతున్నారని ఉందండీ. మా లూథరన్ సంఘాల్లో చిన్నప్పటి నుంచి వింటున్న వచనం. ఆ అన్నను తప్పుపట్టలేం.

జవాబు: మంచి మాట గుర్తుచేశారు. తప్పుపట్టను. అక్కడ విశ్వాసానికి ఎదురుగా నిలబెట్టింది ధర్మశాస్త్ర క్రియలను, అంటే మోషే ధర్మశాస్త్రం ప్రకారం చేసే పనులను, కృపను కాదు. ఆ "నే" చూశారా? గ్రీకు మూలంలో "మాత్రమే" అన్న పదం లేదు. 1522లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ తన జర్మన్ అనువాదంలో చేర్చాడు, దాని మీద పెద్ద రగడే జరిగింది. మన తెలుగులో ఒక్క ఏకారం ఆ పని చేసింది. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరుకు తెచ్చిన సువార్త సారం ఆ ఏకారంలోనే ఉంది.

ప్రశ్న: అయితే మంచి పనులు అక్కర్లేదా మాస్టారూ?

జవాబు: 9, 10 వచనాలు కలిపి చదవండమ్మా. 9లో "క్రియలవలన కలిగినది కాదు", 10లో "సత్‌క్రియలు చేయుటకై" సృష్టింపబడ్డాం. పంచమి "వలన" పోయి, దేనికోసమో చెప్పే చతుర్థి "కై" వచ్చింది. పనులు రక్షణకు ముందు లేవు, వెనుక ఉన్నాయి.