షట్టర్లు దించేసిన వీధిలో మళ్లీ రాత్రి సందడి తేవాలంటే ముందు ఏం చేయాలి?

పగలు దుకాణాలతో, రాత్రి బార్లతో నడిచే వీధి గురించి సలహా కావాలి. దుకాణాలు ఎనిమిదికే మూసేస్తారు, బార్లకు జనం పదికి గానీ రారు. వీధిని చంపుతున్నది ఆ రెండు గంటలే. రేకు షట్టర్ దించగానే అద్దాల వెలుగు పోతుంది, ఫుట్‌పాత్ చీకటవుతుంది, నడిచేవాళ్లు పక్క వీధికి మళ్లుతారు. జాలీ షట్టర్లు పెట్టి లోపలి లైటు వెలగనివ్వడమే మొదటి పని అని నా నమ్మకం.

వాహనాలు పూర్తిగా ఆపేయమని కొందరంటున్నారు. షికాగో స్టేట్ స్ట్రీట్‌లో 1979లో కార్లు ఆపి, 1996లో మళ్లీ వదిలారు. కోపెన్‌హాగెన్‌లోని స్ట్రోయెట్ అనే వీధి మాత్రం 1962 నుంచి నడిచేవాళ్లదే. సాయంత్రం ఆరు తర్వాత మాత్రమే ఆపితే మేలా? సరుకు దింపుకోవడానికి ఏ వేళ వదలాలి?

ఇంకొకటి: బార్ల పైన ఇళ్లున్నాయి. స్పీకర్ల కింద రబ్బరు ప్యాడ్లు వేస్తే బేస్ మోత ఆగుతుందా, సీలింగ్ కూడా విడిగా కట్టాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి.