మెటర్నిటీ కవర్ ఉద్యోగం ఏడాది అన్నారు, మార్చికే అయిపోతుందట (యూకే)

కవర్‌లోఉన్నా
నమస్కారమండీ. రెడింగ్‌లో అకౌంట్స్ పేయబుల్ (కంపెనీ బిల్లులు చెల్లించే) పోస్టు, మెటర్నిటీ కవర్, అంటే ప్రసూతి లీవులో ఉన్నావిడ బదులు. సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా ఫిక్స్‌డ్ టర్మ్, ఏడాదికి 26,000 పౌండ్లు, వారానికి ఐదు రోజులు. లీవులో ఉన్నావిడ ముందే వచ్చేస్తున్నారని, మార్చి 31 నాకు ఆఖరి రోజు అవ్వచ్చని మేనేజరు నోటిమాటగా చెప్పారు. కాంట్రాక్టులో ఇలా ఉంది: "ఆగస్టు 31తో గానీ, పోస్టులోని ఉద్యోగి తిరిగి చేరిన రోజుతో గానీ, ఏది ముందైతే దానితో ముగుస్తుంది. ఇరువైపులా నాలుగు వారాల నోటీసు." మిగతా ఐదు నెలల జీతం అడగొచ్చా? లీవులు 6 వాడాను, బ్యాంక్ హాలిడేలు 3 అయ్యాయి. వీసా మావారి స్కిల్డ్ వర్కర్ మీద డిపెండెంట్.

పేరోల్‌పంతులు
ఐదు నెలల జీతం రాదండి. "ఏది ముందైతే" అన్న ఆ ఒక్క మాటే మీకు అడ్డం. ఉత్త తేదీ రాసి, ముందే ముగించే మాట గానీ నోటీసు మాట గానీ లేకుండా ఉంటే కాంట్రాక్టు ఉల్లంఘన అని మిగిలిన కాలం జీతం అడిగేవాళ్లు. అప్పుడైనా వేరే ఉద్యోగం వెతకాల్సిందే, దొరికితే ఆ జీతం అందులోంచి కోసేస్తారు.

నోటీసు మాత్రం వదలకండి. చట్టం ఇచ్చే కనీసం నెల సర్వీసు దాటాక ఒక్క వారమే. మీ కాంట్రాక్టులో నాలుగు వారాలుంది, రెండింట్లో ఎక్కువున్నదే వర్తిస్తుంది. "అవ్వచ్చు" అనడం నోటీసు కాదు, కచ్చితమైన తేదీ ఉండాలి. మార్చి 31 ఆఖరి రోజు కావాలంటే మార్చి 3కల్లా మీ చేతిలో పడాలి, ఎందుకంటే 4వ తేదీ నుంచి 28 రోజులు లెక్క. 13న ఇస్తే ఏప్రిల్ 10 దాకా జీతం.

లీవు లెక్క: చట్టప్రకారం ఏడాదికి బ్యాంక్ హాలిడేలతో కలిపి 28. ఏడు నెలలకి 16.33. మీవి 9 పోగా 7.33 మిగిలింది. 26,000ని 260 పనిదినాలతో భాగిస్తే రోజుకి 100, అంటే దాదాపు 733 పౌండ్లు, పన్ను కోతకు ముందు. కాంట్రాక్టులో 28 కంటే ఎక్కువ రాసుంటే ఆ అంకె వేసుకోండి. ఒక మెలిక ఉంది: ఆ లీవుని నోటీసు కాలంలోనే వాడేయమని యజమాని చెప్పొచ్చు. అలా చెప్పాలంటే, కాంట్రాక్టులో వేరే పద్ధతి లేకపోతే, లీవుకి రెట్టింపు రోజుల ముందు చెప్పాలి: ఏడు రోజులకి పద్నాలుగు రోజుల ముందు.

లీడ్స్‌బావ
పంతులుగారు చెప్పని చిక్కొకటి. "ఆవిడ చేరిన రోజుతో దానంతటదే ముగిసింది, నోటీసెందుకు" అని హెచ్ఆర్ వాదించవచ్చు. పక్కనే నాలుగు వారాల మాట ఉంది కాబట్టి మీ వైపూ బలముంది, కానీ ఆఖరి వారంలో వాదించుకోవడం కన్నా ఇప్పుడే రాతలో తేల్చుకోండి. ఇంత చాలు: "నా చివరి పనిదినం ఏది? నోటీసు ఏ తేదీ నుంచి మొదలైంది? మిగిలిన లీవు ఎన్ని రోజులు, ఏ జీతంలో కలుపుతారు?" కోపతాపాలు అందులో పెట్టకండి.

ఇంకోటి, ఆవిడ నిజంగా ఎప్పుడొస్తారన్నది. మెటర్నిటీ లీవు 52 వారాలు, స్టాట్యుటరీ పే (చట్టప్రకారం వచ్చే లీవు డబ్బు) 39 వారాలే. డబ్బు ఆగాక చాలామంది అక్కడితోనే వచ్చేస్తారు. ఏడాది కవర్లు తొమ్మిదో నెల దగ్గర తెగిపోవడానికి పెద్ద కారణం ఇదే. ముందే రావాలంటే ఎనిమిది వారాల ముందు యజమానికి చెప్పాలి. ఏప్రిల్ 1న చేరాలంటే ఫిబ్రవరి 4కల్లా అన్నమాట. తక్కువ గడువుకి యజమాని ఒప్పుకోవచ్చు గానీ ఒప్పుకోవాలనేం లేదు. లీవు ముగిశాక పోగైన సెలవులు వరసగా వాడుకునేవాళ్లూ ఉంటారు. అప్పుడు కాగితం మీద తిరిగి చేరినట్టే, సీట్లో మనిషి ఉండదు. అందుకే "ఆ నాలుగైదు వారాలు నేను ఉండనా" అని అడిగి చూడండి, చాలా టీములు సరేనంటాయి. కీప్ ఇన్ టచ్ రోజులకి (లీవు ముగియకుండానే మధ్యలో పనికొచ్చే రోజులు) ఆవిడ ఆఫీసుకొస్తే అది తిరిగి చేరడం కాదు, కంగారు పడకండి. అవి పది దాకా ఉంటాయి.

గోదారిగట్టు
అన్యాయపు తొలగింపు కేసు ఆశలు వద్దు. ప్రస్తుతానికి రెండేళ్ల సర్వీసు కావాలి, 2027 జనవరి నుంచి ఆరు నెలలకి తగ్గుతుంది. తగ్గినా, కవర్‌గా తీసుకునేటప్పుడే "ఆవిడ వస్తే నీ ఉద్యోగం పోతుంది" అని రాసిస్తే 1996 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ సెక్షన్ 106 దాన్ని సరైన కారణంగానే చూస్తుంది. అయితే గర్భం కారణంగా తీసేస్తే మొదటి రోజు నుంచే రక్షణ ఉంది. మెటర్నిటీ కవర్ కోసం తీసుకున్న మనిషి తనే గర్భవతి అయిన, వెబ్ అనే ఆవిడ కేసులో 1994లో యూరోపియన్ కోర్టు తేల్చింది అదే.

ఆఫీసులో పర్మనెంట్ ఖాళీలుంటే అందరికీ చెప్పినట్టే మీకూ చెప్పాలి, అది ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ల హక్కు. డిపెండెంట్ వీసా మీ ఉద్యోగం మీద ఆధారపడదు. యూనివర్సల్ క్రెడిట్‌కి (తక్కువ ఆదాయం వాళ్లకి ప్రభుత్వ భత్యం) మాత్రం అప్లై చేయకండి, వీసా మీద పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయం, లేవని ఉంటుంది. పీ45 (ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఇచ్చే జీతం, పన్ను వివరాల కాగితం) తీసుకోండి, లేకపోతే కొత్తచోట ఎమర్జెన్సీ ట్యాక్స్ పడొచ్చు. డబ్బు ఎగ్గొడితే ముందు ఏకాస్ (ఉద్యోగ తగాదాలు తీర్చే సంస్థ) కన్సిలియేషన్, అంటే రాజీ ప్రయత్నం, తర్వాతే ట్రిబ్యునల్. కేసుకి వెళ్లే గడువు పొడిగించే చట్టం వచ్చింది గానీ, మూడు నెలలకి ఒకరోజు తక్కువే అనుకుని కదలండి.

కవర్‌లోఉన్నా
మెయిల్ పెట్టానండి. ఇవాళ, అంటే మార్చి 5న, రాతలో నోటీసు ఇచ్చారు. అందులో చివరి రోజు మార్చి 31 అనే ఉంది.

పేరోల్‌పంతులు
5న ఇస్తే ఏప్రిల్ 2 దాకా అవుతుంది. 1, 2 తేదీలు రెండూ పనిదినాలే, 200 పౌండ్లు. అదే మెయిల్‌కి జవాబుగా "28 రోజులు ఏప్రిల్ 2తో పూర్తవుతాయి, సరిచేయగలరు" అని రాయండి. పని వద్దంటే నోటీసు బదులు జీతంగా ఇవ్వమనండి, ఆఖరి పేస్లిప్పులో ఆ వరస విడిగా కనబడాలి.