ఘనం మూలలో ఉన్న ఆవేశం లోపలిదా, బయటిదా?

హనుమకొండలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. గాస్ నియమం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. దయచేసి ఎవరైనా వివరించండి.

సంవృత తలం (అన్ని వైపులా మూసుకున్న తలం) గుండా పోయే మొత్తం విద్యుత్ అభివాహం (ఫ్లక్స్, అంటే తలాన్ని దాటే విద్యుత్ క్షేత్రం కొలత), లోపలి ఆవేశాన్ని ఎప్సిలాన్ నాట్ అనే స్థిరాంకంతో భాగిస్తే వస్తుంది. బయటి ఆవేశం వల్ల అది సున్నా ఎందుకవుతుందో చెరువు మత్తడి దగ్గర నిలబడి ఆలోచిస్తే తెలిసింది: పారే నీటిలో వలబుట్ట ముంచితే ఎంత నీరు లోపలికి వస్తుందో అంతే బయటికి పోతుంది. ఇంతవరకు సరే.

8.85 నానోకూలుంబ్‌ల బిందు ఆవేశం ఘనం కేంద్రంలో ఉంటే అభివాహం ఎస్‌ఐ ప్రమాణాలలో దాదాపు 1000. మూలలో ఉంటే 125. ఆ బిందువు చుట్టూ ఎనిమిది ఘనాలు పేర్చి చూస్తే ఒక్కోదానికి ఎనిమిదో వంతు దక్కుతుంది. మూలను తాకే మూడు ముఖాల గుండా సున్నా, మిగతా మూడింటిలో ఒక్కోదాని గుండా సుమారు 41.7 అని కూడా రాబట్టాను.

లెక్క వచ్చింది కానీ మనసు ఒప్పుకోవడం లేదు. బిందువుకు పరిమాణమే లేనప్పుడు దానిలో ఎనిమిదో వంతు లోపల ఉందని ఎలా అంటాం? ఆవేశం సరిగ్గా తలం మీదే ఉంటే గాస్ నియమం నేరుగా వర్తిస్తుందా, లేక ఇది సౌష్ఠవం వల్ల మాత్రమే వచ్చిన ఫలితమా? ఆవేశాన్ని అతి చిన్న గోళంగా ఊహించుకోవడం సరైన దారేనా?