సెక్యూరిటీ మేనేజర్ జీతం ఎంత అడగాలి? రేపు సాయంత్రంలోగా చెప్పాలి

చుక్కాని, రాత్రి 10:52

నాలుగు గంటలుగా ఇదే పని మీద కూర్చున్నాను, తల పగిలిపోతోంది. సెక్యూరిటీ మేనేజర్‌కు ఎంత జీతం ఇస్తారు అన్నదే నా ప్రశ్న. ఒక చోట ఒక అంకె కనిపిస్తుంది, ఇంకో చోట చూస్తే దానికి మూడింతలు ఉంటుంది. ఒకరు సగటు అంటారు, ఒకరు మధ్యస్థం అంటారు, మరొకరు ఏమీ అనకుండా అంకె వేసి వదిలేస్తారు. నాకు 12 ఏళ్ల అనుభవం ఉంది. ఎంత ఇస్తారో చెప్పకుండా "మీరు ఎంత ఆశిస్తున్నారు?" అని వాళ్లే నన్ను అడుగుతున్నారు. తక్కువ చెబితే ఏళ్ల తరబడి దాని దగ్గరే ఉండిపోతాను. ఎక్కువ చెబితే మళ్లీ ఫోను చేయరేమోనని భయం. రేపు సాయంత్రంలోగా జవాబు ఇవ్వాలి. ఈ పనిలో ఉన్నవాళ్లు దయచేసి సూటిగా చెప్పండి. జీతం దేన్ని బట్టి పెరుగుతుంది, దేన్ని బట్టి తగ్గుతుంది? నేను ఎంత అడగాలి?

తాళంచెవి, రాత్రి 11:04

ఏ సెక్యూరిటీ? గేటా, సర్వరా?

మెట్టు, రాత్రి 11:21

చుక్కాని గారూ, మీ దగ్గర గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ ఏదైనా ఉందా? ముందు అది చెప్పండి. పన్నెండేళ్లు పనిచేశానని ఎవరైనా అనవచ్చు, దాన్ని కాగితం మీద చూపగలిగేది అదొక్కటే.

గేటు, ఆవరణ, మనుషులు, కెమెరాల వైపు పని అయితే సెక్యూరిటీ నిపుణుల అంతర్జాతీయ సంస్థ ఏసిస్ ఇంటర్నేషనల్ ఇచ్చే సీపీపీ అనే సర్టిఫికెట్ పెద్దది. ఆ సంస్థ 1955లో పుట్టింది, సీపీపీ 1977 నుంచి ఉంది. ఏళ్ల అనుభవం ఉన్నంత మాత్రాన ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ ఏళ్లలో కొంత కాలం భద్రతా విభాగం బాధ్యతను మీరే మోసి ఉండాలి. అలారాలు, ప్రవేశ నియంత్రణ, కంచెల రూపకల్పన మీకు ఇష్టమైతే పీఎస్‌పీ అని వేరే పరీక్ష ఉంది. కంప్యూటర్ల వైపు అయితే సీఐఎస్‌ఎస్‌పీ. అందులో ఎనిమిది విభాగాలు ఉంటాయి, కనీసం రెండింటిలో కలిపి 5 ఏళ్ల పని చూపాలి, డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గిస్తారు. నిర్వహణ వైపు వెళ్లేవారికి ఇసాకా సంస్థ ఇచ్చే సీఐఎస్‌ఎం ఉంది. నేను పరీక్ష రాసిన ఏడాదే నా దరఖాస్తులకు జవాబులు రావడం మొదలైంది. అంతకు ముందు రెండేళ్లు ఒక్క పిలుపు కూడా లేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తాళంచెవి, రాత్రి 11:26

ఏ విభాగమో ఇంకా తెలియదు. రెండు రకాల పరీక్షలూ చెప్పి ఏం లాభం?

కొలిమి, రాత్రి 11:48

మెట్టు గారితో నేను ఏకీభవించను. సర్టిఫికెట్ దరఖాస్తును మొదటి వడపోత దాటిస్తుంది. జీతాన్ని తేల్చేది మాత్రం ఆ కుర్చీ మీద ఎంత బరువు ఉంది అన్నదే. నేను ఇరవై ఏళ్లకు పైగా పరిశ్రమల్లోనే ఉన్నాను, నియామకాల కమిటీల్లో కూర్చున్నాను. మేము చూసేవి ఇవి: ఎంతమంది మీ కింద ఉంటారు, ఎన్ని ప్రాంగణాలు, ఖర్చు మీద సంతకం మీదా వేరొకరిదా, మీరు నివేదించేది ఎవరికి. ప్లాంటు అధిపతికి నేరుగా నివేదించే మేనేజర్‌కూ, పరిపాలన విభాగంలో నాలుగో మెట్టు మీద ఉన్న మేనేజర్‌కూ బోర్డు మీద హోదా ఒకటే రాసి ఉంటుంది. జీతాలు మాత్రం పోల్చలేం.

రంగం కూడా ముఖ్యమే. ఒక్క రాత్రి పొరపాటు జరిగితే పోయేది ఎంత అన్నదాన్ని బట్టి జీతం ఉంటుంది. డేటా కేంద్రం, రిఫైనరీ, మందుల తయారీ, విలువైన లోహాల గోదాము ఎక్కువ ఇస్తాయి. మామూలు కార్యాలయ భవనం తక్కువ ఇస్తుంది. ఈ పనికి ఒక మనిషి ఉండి తీరాలని చట్టమే చెప్పే చోట బేరం మీ చేతిలో ఉంటుంది. ఓడరేవులే చూడండి. నౌకలు, రేవుల భద్రత కోసం 2004 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఐఎస్‌పీఎస్ అనే అంతర్జాతీయ నియమావళి ప్రకారం ప్రతి రేవు సదుపాయానికీ ఒక భద్రతాధికారి ఉండి తీరాలి, నౌకకు ఒకరు, నౌకా కంపెనీకి ఒకరు విడిగా ఉండాలి. ఆ కుర్చీని ఖాళీగా ఉంచడం కుదరదు కాబట్టి జీతం కోసేటప్పుడు యాజమాన్యం ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.

పాతరోస్టర్, రాత్రి 12:10

కొలిమి గారు చెప్పింది సొంత ఉద్యోగి గురించి. ఏజెన్సీ ద్వారా పెట్టుకున్న మేనేజర్ సంగతి వేరు. చుక్కాని గారూ, మీరు ఏజెన్సీ మనిషిగా వెళ్తున్నారా, కంపెనీ మనిషిగానా?

ఏజెన్సీ అయితే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. ఒక గార్డు గంటకు ఇంత అని క్లయింటు చెల్లిస్తాడు. అందులో పెద్ద వాటా గార్డు జీతానికీ, దాని మీద కట్టాల్సిన చెల్లింపులకూ పోతుంది. యూనిఫారం, శిక్షణ, బీమా పోయాక మిగిలిన సన్నటి పొర నుంచి మేనేజర్ జీతం రావాలి. అతి తక్కువ ధర చెప్పినవాడికే కాంట్రాక్టు ఇచ్చే చోట ఆ పొర ఇంకా సన్నగా ఉంటుంది. కొన్ని ఒప్పందాల్లో మేనేజర్ జీతాన్ని క్లయింటే విడిగా ఒక పద్దు కింద చెల్లిస్తాడు. అప్పుడు మీ స్థితి మెరుగు, కానీ కాంట్రాక్టు పోతే మీ ఉద్యోగమూ దానితోనే పోతుంది. ఈ పద్దు ఉందా లేదా అని అడగండి.

ఇంకొకటి, గంటల లెక్క. నన్ను సూపర్వైజర్ నుంచి మేనేజర్ చేసినప్పుడు జీతం 25 శాతం పెంచారు, ఇంట్లో అందరం సంతోషించాం. వారానికి 48 గంటలుగా ఉన్న పని 66 అయింది. గంటకు లెక్క కడితే నా జీతం అంతకు ముందుకన్నా 9 శాతం తగ్గింది. మేనేజర్ అన్న పేరు వచ్చాక ఓవర్‌టైం ఆగిపోయింది. ఆరు నెలల తర్వాత ఒక రాత్రి, గార్డు రాక నేనే గేటు దగ్గర నిలబడి ఉండగా ఈ లెక్క వేసుకున్నాను. మీకు అలా జరగకూడదు.

చుక్కాని, ఉదయం 6:35

గేటు సెక్యూరిటీయే అండీ. అనుభవం 12 ఏళ్లు అన్నాను కాబట్టి అర్థమవుతుంది అనుకున్నాను, క్షమించండి. ఏజెన్సీ ద్వారానే. మూడు ప్రాంగణాలు, మొత్తం 11 పోస్టులు, అంటే గార్డు నిలబడాల్సిన చోట్లు, అన్నీ 24 గంటలూ నడిచేవే. 38 మంది గార్డులు. ఇప్పుడు నేను ఒక ప్రాంగణంలో సూపర్వైజర్‌ను. సర్టిఫికెట్ ఏదీ లేదు. అవునూ, రాత్రి ఏ సమయంలో పిలిచినా వెళ్లాలి, అది కూడా చెప్పారు. అయితే ఎంత అడగాలి?

తాళంచెవి, ఉదయం 6:41

మేనేజర్‌గా 12 ఏళ్లు కాదు, సున్నా. దరఖాస్తులో విడివిడిగా రాయండి.

మెట్టు, ఉదయం 7:02

అంత కఠినంగా అనక్కర్లేదు. సూపర్వైజర్‌గా మనుషులను నడిపిన ఏళ్లకు విలువ ఉంది. పరీక్షకు చూపే బాధ్యతలోకి వాటిలో కొన్ని రావచ్చు.

తాళంచెవి, ఉదయం 7:05

విలువ లేదని నేను అనలేదు. కలిపి చెబితే ఇంటర్వ్యూలో దొరికిపోతారు అంటున్నాను.

పాతరోస్టర్, ఉదయం 7:30

చుక్కాని గారూ, జీతం సంగతి ఒక్క నిమిషం పక్కన పెట్టి ఈ లెక్క చూడండి. వారానికి 168 గంటలు. 11 పోస్టులంటే 1,848 గంటలు. 38 మంది తలా 48 గంటలు చేస్తే వచ్చేది 1,824. ఎవరూ ఒక్క రోజు సెలవు పెట్టకపోయినా, ఎవరికీ జ్వరం రాకపోయినా వారానికి 24 గంటలు తక్కువ. ఇప్పుడు ఒక్కొక్కరికి ఏడాదికి 20 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున సెలవు అనుకుందాం. అది వారానికి సుమారు 117 గంటలు. రెండూ కలిపితే 141. దాదాపు ముగ్గురు మనుషుల పని. ఆ ముగ్గురూ లేరు. ఆ గంటలను నింపేది ఓవర్‌టైం చేసే గార్డులో, లేకపోతే మీరో.

రాత్రి పిలుపులు అని వాళ్లు చెప్పింది దీని గురించే. ఈ లెక్కను కాగితం మీద వేసి వాళ్ల ముందు పెట్టండి. "41 మందిని ఇస్తే ఈ జీతానికి చేస్తాను, 38 మందితోనే నడపాలంటే రాత్రి పిలుపులకు విడిగా చెల్లించాలి" అనండి. ఇలా మాట్లాడే మనిషి చేతిలో రోస్టర్ పెట్టడానికి ఎవరూ భయపడరు.

అక్షరమాల, ఉదయం 8:15

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, ఇక్కడ అందరూ ఒక మాటను సరిచూసుకోకుండా వాడుతున్నారు. భద్రత అని రాస్తున్నారు. మన భాషలో సేఫ్టీకీ అదే మాట, సెక్యూరిటీకీ అదే మాట. దొంగ నుంచి కాపాడటం వేరు, మంట నుంచీ ప్రమాదం నుంచీ కాపాడటం వేరు. మొదటిదానికి రక్షణ అనో, రెండోదానికి సురక్ష అనో స్థిరపరచుకుంటే ఈ గందరగోళం ఉండదు. పత్రికలు కూడా రెండింటికీ భద్రత అనే రాస్తున్నాయి, ఇది చాలా కాలంగా నన్ను బాధపెడుతున్న విషయం.

కొలిమి, ఉదయం 8:33

రక్షణ అంటే సైన్యం గుర్తుకు వస్తుంది. రక్షణ శాఖ అనే మాట ముందే ఉంది కదా. సెక్యూరిటీ అన్న మాట అందరికీ తెలుసు, అదే వాడుకుంటే సరిపోతుంది.

అక్షరమాల, ఉదయం 8:40

తెలిసిన మాట అని సొంత మాటను వదిలేస్తామా? రక్షక భటుడు అన్నప్పుడు ఎవరికీ సైన్యం గుర్తుకు రాలేదు.

కొలిమి, ఉదయం 8:58

పదం గురించి వాదించను, కానీ మీరు లేవనెత్తిన తేడా ఈ ఉద్యోగానికి నిజంగా అవసరమే. చుక్కాని గారూ, వాళ్లు ఇచ్చిన బాధ్యతల పత్రంలో అగ్నిప్రమాద నివారణ, పొగ గుర్తించే పరికరాల తనిఖీ, భవనం ఖాళీ చేయించే మాక్ డ్రిల్లులు లాంటివి ఉన్నాయా? చాలా చోట్ల గేటు చూసే మనిషికే వాటినీ అప్పగిస్తారు. కార్మికుల ఆరోగ్యం, ప్రమాదాల నివారణకు ఐఎస్ఓ 45001 అని 2018లో వచ్చిన ప్రమాణం ఉంది, దానికి శిక్షణ పొందినవారు వేరే ఉంటారు. ఆ పని మీ నెత్తిన పెడితే అది రెండో ఉద్యోగం. ప్రమాదం జరిగితే విచారణలో అడిగేది తనిఖీ పుస్తకంలో సంతకం ఎవరిది అని. ఒక జీతానికి రెండు సంతకాలు పెట్టకండి.

గణితం, ఉదయం 9:20

మొదటి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. అంకెలు ఎందుకు అంత తేడాగా ఉంటాయి అని అడిగారు.

ఒకటి, సెక్యూరిటీ మేనేజర్ అనే పేరు కింద రెండు వేరే వృత్తులను కలిపేస్తారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తుల పట్టిక ఐఎస్‌సీఓ-08లో సెక్యూరిటీ గార్డులకు 5414 అని కోడ్ ఉంటుంది, కంప్యూటర్ సేవల మేనేజర్లు 1330లో ఉంటారు. జీతాలు లెక్కించే వెబ్‌సైట్లు పేరు మాత్రమే చూసి రెండు వైపుల మేనేజర్లనూ ఒకే కుప్పలో పోస్తాయి. మీరు చూసిన మూడింతల అంకె సర్వర్ల వైపుది అయి ఉండవచ్చు.

రెండు, సగటు. పది మందిలో తొమ్మిది మందికి 30, ఒకరికి 300 వస్తే సగటు 57 అవుతుంది. ఆ పది మందిలో ఎవరికీ 57 రాదు. మధ్యస్థం, అంటే జీతాలను వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేది, 30. ఎప్పుడైనా మధ్యస్థమే చూడండి. మూడు, బోనసు కలిపిన అంకెనో, కంపెనీ మీ పేరు మీద పెట్టే మొత్తం ఖర్చునో జీతంగా వేస్తారు. మీరు అడిగేటప్పుడు చేతికి వచ్చే మొత్తం గురించే మాట్లాడండి. మీ చుట్టుపక్కల ఇదే రకం కాంట్రాక్టు మీద, ఇన్నే పోస్టులు చూసే ఇద్దరు ముగ్గురిని అడిగితే వెబ్‌సైట్ల కన్నా నమ్మకమైన అంకె దొరుకుతుంది.

మెట్టు, ఉదయం 9:41

గణితం గారు చెప్పింది సరైనదే. నేను మాత్రం మళ్లీ అంటాను, ఏజెన్సీని పరీక్ష ఫీజు భరించమని ఇప్పుడే అడగండి. జీతం పెంచడానికి ఒప్పుకోనివాళ్లు దీనికి ఒప్పుకుంటారు, రెండేళ్ల తర్వాత కంపెనీ వైపు దాటడానికి మీకు అదే మెట్టు.

అక్షరమాల, ఉదయం 10:05

కంప్యూటర్ల వైపు దాన్ని సమాచార రక్షణ అనవచ్చు.

చుక్కాని, సాయంత్రం 7:48

మాట్లాడాను. 38, 41 లెక్క చూపించాను. అవతల కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మనుషులను పెంచడం ఇప్పుడు కుదరదన్నారు, రాత్రి పిలుపులకు ఒక్కోదానికి ఇంత అని ఒప్పందంలో రాసిస్తామన్నారు. మా పక్క ప్రాంగణం మేనేజర్‌ను అడిగి తెలుసుకున్న అంకె మీద కొంచెం వేసి చెప్పాను, సోమవారం కాగితం పంపుతారట. అందరికీ ధన్యవాదాలు, డ్యూటీకి వేళ అయింది.

పాతరోస్టర్, సాయంత్రం 8:02

మంచిది. ఒక్కో పిలుపుకు కనీసం ఎన్ని గంటలు లెక్కిస్తారో కూడా అందులో రాయించండి. పది నిమిషాల పని కోసం రెండు గంటలు ప్రయాణం చేసిన రాత్రులు నాకు గుర్తున్నాయి.

కొలిమి, సాయంత్రం 8:20

అగ్ని తనిఖీ పుస్తకం మీద సంతకం ఎవరిదో అడిగారా?