అప్‌డేట్: విండోస్‌లో మాత్రమే ప్రతి లైనుకూ ప్రెట్టియర్ ఎర్రర్ – కారణం తేలిపోయింది

మాదాపూర్‌లో మా టీమ్ ప్రాజెక్టులన్నిటికీ ఒకే ఈఎస్‌లింట్ (కోడ్‌లో తప్పులు పట్టే టూల్), ప్రెట్టియర్ (కోడ్‌ను ఒకే తీరులో సర్దే టూల్) కాన్ఫిగ్ ప్యాకేజీ పెట్టాక, విండోస్ ల్యాప్‌టాప్‌ల వాళ్లకు ముట్టుకోని ఫైళ్లలో కూడా ఎర్రర్లు వస్తున్నాయని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

లైన్ ఎండింగ్స్ (ప్రతి లైను చివర ఉండే కనబడని గుర్తులు) చూడమన్నవాళ్ల మాటే నిజమైంది. విండోస్‌లో గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ఫైళ్లను చెకౌట్ చేస్తూ విండోస్ తరహా గుర్తు సీఆర్ఎల్ఎఫ్ పెడుతోంది, ప్రెట్టియర్‌కేమో 2020లో వచ్చిన 2.0 నుంచి లినక్స్, మ్యాక్ తరహా ఎల్ఎఫ్ డిఫాల్ట్. ప్రెట్టియర్‌లో ఎండ్‌ఆఫ్‌లైన్ సెట్టింగ్‌ను ఆటో చేయమని ఒకరన్నారు. చేస్తే ఎర్రర్లు పోతాయి, కానీ రెపోలో (ప్రాజెక్టు కోడంతా ఉండే చోటు) రెండు రకాలూ కలిసిపోవచ్చు, అందుకే వద్దనుకున్నాం. డాట్ గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్లో అన్ని ఫైళ్లకూ టెక్స్ట్ ఆటో, ఈఓఎల్ ఎల్ఎఫ్ (అంటే ఏ మెషీన్‌లోనైనా ఎల్ఎఫే ఉండాలి) అని రాసి, ఉన్న ఫైళ్లనూ అలా మార్చడానికి గిట్ యాడ్‌ను రీనార్మలైజ్ ఆప్షన్‌తో నడిపి కమిట్ చేశాం. విండోస్ వాళ్లు మళ్లీ క్లోన్ చేసుకున్నారు, అంతే. ఈ ఫైల్ మాత్రం ప్యాకేజీతో రాదు, ఏ రెపోకి ఆ రెపోలో పెట్టుకోవాల్సిందే.

నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపేది) వెర్షన్‌కీ, వీఎస్ కోడ్ ఎడిటర్ ఎక్స్‌టెన్షన్‌కీ ఈ ఎర్రర్లతో సంబంధమే లేదు. ఈఎస్‌లింట్ కాన్ఫిగ్ ప్రెట్టియర్ (ప్రెట్టియర్‌తో గొడవపడే ఈఎస్‌లింట్ రూల్స్‌ను ఆపేసే ప్యాకేజీ) కూడా దీనికి మందు కాదు. అయినా ఉంచేశాం, రెండు టూల్సూ కామా దగ్గర కొట్టుకోకుండా.

ఈ ఒక్క కమిట్‌లోనే లైన్లన్నీ మారినట్టు కనిపించి బ్లేమ్ (ఏ లైను ఎవరు రాశారో చూపే గిట్ కమాండ్) పాడవుతుందని మా లీడ్ గారి బెంగ. ఆ కమిట్ హ్యాష్‌ను (దాని గుర్తింపు కోడ్) ఒక ఫైల్లో రాసి, గిట్ కాన్ఫిగ్‌లో బ్లేమ్ ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్‌గా చూపిస్తే సరిపోయింది. గిట్ 2.23 లేదా ఆపైది ఉండాలి.