సోలార్ విండ్‌లో హీలియం ఎందుకు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది?

కృష్ణలంక కుర్రాడు:
అందరికీ నమస్తే, విజయవాడలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నా, సెమినార్‌కి సూర్యుణ్ణి గమనించే ఇస్రో స్పేస్‌క్రాఫ్ట్ ఆదిత్య ఎల్1 తీసుకున్నా. దాంట్లో ఆస్పెక్స్ అనే పరికరం సోలార్ విండ్‌లో (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే చార్జ్ ఉన్న కణాల ప్రవాహంలో) ప్రోటాన్లనీ ఆల్ఫా కణాల్నీ, అంటే హీలియం కేంద్రకాల్నీ, విడివిడిగా లెక్కపెడుతుందని చదివాక ఒక డౌట్ పట్టుకుంది. పదకొండేళ్లలో సూర్యుడి లోపల సరుకేం మారదు కదా, మరి సోలార్ విండ్‌లో హీలియం, దాదాపు పదకొండేళ్ల సైకిల్‌లో పెరిగి తగ్గే సన్‌స్పాట్లతో (సూర్యుడి మీద నల్లమచ్చలతో) పాటు ఎందుకు మారుతోంది? కాస్త విడమర్చి చెప్పండి.

గుంటూరు మాస్టారు:
మంచి ప్రశ్న బాబూ. సూర్యుడి పై పొరలో వంద హైడ్రోజన్ పరమాణువులకి ఎనిమిదికి పైనే హీలియం ఉంటుంది, కానీ అంతా బయటికి రాదు. ఫాస్ట్ విండ్‌లో 4-5 శాతం వస్తుంది, సైకిల్ ఎక్కడున్నా అది పెద్దగా మారదు. అసలు కథంతా స్లో విండ్‌లోనే, సన్‌స్పాట్లు బాగా తక్కువుండే మినిమంలో 1-2 శాతానికి పడిపోయి, అవి ఎక్కువుండే మాక్సిమంలో మళ్లీ 4 దాకా లేస్తుంది, 1994లో నాసా పంపిన ‘విండ్’ అనే స్పేస్‌క్రాఫ్ట్ డేటాలో ఇది స్పష్టంగా కనపడుతుంది.
హీలియం ప్రోటాన్ కంటే నాలుగు రెట్లు బరువు, పైకెళ్లే ప్రోటాన్లు గుద్దుకుంటూ లాక్కెళ్తే తప్ప సరిగ్గా లేవదు. మినిమంలో స్లో విండ్ ఎక్కువగా సూర్యుడి ఈక్వేటర్ దగ్గరి స్ట్రీమర్ల (బయటికి సాగిన పొడవాటి ప్లాస్మా చారల) వైపు నుంచి వస్తుంది, అక్కడ ప్లాస్మా, అంటే చార్జ్ ఉన్న వేడి వాయువు, అయస్కాంత లూపుల్లో చాలాసేపు చిక్కుకుపోతుంది కాబట్టి తూర్పారబట్టేటప్పుడు గింజ కాళ్ల దగ్గరే పడ్డట్టు బరువైనవి కిందే ఉండిపోతాయి. మాక్సిమంలో యాక్టివ్ రీజియన్ల (సన్‌స్పాట్ల చుట్టూ అయస్కాంత బలం ఎక్కువుండే చోట్ల) నుంచి కూడా విండ్ వస్తుంది, అందుకే హీలియం ఎక్కువ.

పటమట పద్మ:
మాస్టారు చెప్పినదానికి ఇంకొకటి, ఆక్సిజన్‌ని కూడా చూడు తమ్ముడూ, నాకైతే హీలియం కంటే అదే అద్భుతం. కరోనా (సూర్యుడి బయటి వాతావరణం) వేడికి ఆక్సిజన్ ఆరో ఏడో ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటుంది, కాస్త పైకెళ్లాక ప్లాస్మా పల్చబడిపోయి అవి మళ్లీ అతుక్కునే అవకాశం ఉండదు, ఆ చార్జ్ అలాగే మన దాకా వచ్చేస్తుంది, అంటే కరోనా టెంపరేచర్ ఇక్కడ కూర్చుని కొలిచినట్టే. 1997లో వెళ్లిన నాసా ‘ఏస్’ స్పేస్‌క్రాఫ్ట్ డేటాలో 2008-09 మినిమం అప్పుడు ఏడు ఎలక్ట్రాన్లు పోయిన ఆక్సిజన్ వాటా బాగా తగ్గింది, అంటే ఆ విండ్ పుట్టిన చోట కరోనా వేడి తగ్గిందన్నమాట.

బెంజిసర్కిల్ బాబాయ్:
మరి మన బెజవాడ ఎండలక్కూడా ఈ సైకిలే కారణమా?

గుంటూరు మాస్టారు:
కాదండి, సైకిల్ మొత్తంలో సూర్యుడి వెలుగు మారేది 0.1 శాతం దగ్గరే.

కృష్ణలంక కుర్రాడు:
చాలా థాంక్స్ మాస్టారూ, అక్కా. అయితే ఆదిత్య డేటా ఒక్కటీ ప్లాట్ చేస్తే సరిపోతుందా?

పటమట పద్మ:
సరిపోదు. ఆదిత్య తన చోటైన ఎల్1 పాయింట్ దగ్గరికి చేరింది 2024 జనవరి 6న, అంటే 25వ సన్‌స్పాట్ సైకిల్ పీక్ దగ్గర, మినిమం దాంట్లో ఉండదు, దానికి ‘విండ్’ స్పేస్‌క్రాఫ్ట్ డేటా కలుపుకో. సీఎంఈలు (సూర్యుడి నుంచి ఒక్కసారిగా పేలి వచ్చే పెద్ద ప్లాస్మా మేఘాలు) వచ్చిన రోజులు ముందే తీసెయ్, వాటిలో హీలియం ఒక్కోసారి 8 శాతం దాటుతుంది, మాక్సిమంలో అవి ఎక్కువ కాబట్టి నీ యావరేజ్ పాడైపోతుంది. ఇంకోటి, హీలియం గ్రాఫ్ సన్‌స్పాట్ గ్రాఫ్‌కి కొన్ని నెలలు వెనక నడుస్తుంది, రెండూ కలవట్లేదని కంగారుపడి డేటా మార్చేయకు.